తినకపోవడం మొండితనం కాదు

పోయిన సంచికలో కీమో సమయంలో వచ్చే వాంతుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట, "డాక్టరు గారూ, మా మనిషి కళ్ళముందే చిక్కిపోతున్నాడు" అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాను, మారతహళ్ళిలో ఉంటాం. మా నాయనకు 63 ఏళ్ళు. కడుపులో క్యాన్సర్ అని తేలి నాలుగు నెలలైంది, ఇక్కడికే తెచ్చుకుని కీమో చేయిస్తున్నాం. అప్పుడు 68 కిలోలు ఉన్నాడు, ఇప్పుడు 57. పొద్దున రాగి గంజి, మధ్యాహ్నం సంకటి, సాయంత్రం పొట్టేలు కాళ్ళ సూపు, అన్నీ చేసిపెడతాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటాడు. నేను అరుస్తాను, అమ్మ ఏడుస్తుంది. ఆసుపత్రిలో అడిగితే "బాగా తినిపించండి" అంటారు, అంతే. మేమేం తప్పు చేస్తున్నాం? గట్టిగా తినిపిస్తే మళ్ళీ కండ పడుతుందా? (పాఠకురాలు, మారతహళ్ళి)

జవాబు: మీరే తప్పూ చేయడం లేదమ్మా. మీ నాయన కూడా చేయడం లేదు. ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ 57 కాదు, "నేను అరుస్తాను" అన్న మాట.

మనిషి చిక్కిపోవడం రెండు రకాలు. తిండి దొరక్క చిక్కిపోవడం ఒకటి. అందులో శరీరం చాలా తెలివిగా ఉంటుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, ముందు కొవ్వు కరిగించుకుంటుంది, కండను వీలైనంత కాపాడుకుంటుంది, తిండి దొరికిన రోజు మళ్ళీ పుంజుకుంటుంది. క్యాన్సర్‌లో వచ్చేది రెండోది, డాక్టర్లు క్యాకెక్సియా అంటారు. ఇందులో ఆ తెలివి పనిచేయదు. గడ్డ నుంచి, గడ్డతో పోరాడే మన రక్షణ కణాల నుంచి కొన్ని రసాయనాలు రక్తంలోకి వస్తాయి, లోపల ఎప్పుడూ ఒక మంట రగులుతూ ఉంటుంది, ఇన్‌ఫ్లమేషన్ అని వినే ఉంటారు. ఆ రసాయనాల్లో టీఎన్ఎఫ్ అనేదానికి ఇంకో పేరే "క్యాకెక్టిన్", అంటే క్యాకెక్సియా తెచ్చేది అని. జీడీఎఫ్-15 అనే ఇంకోటి నేరుగా మెదడు కాండం దాకా వెళ్ళి ఆకలిని అణిచేస్తుంది, తిండి చూస్తేనే వికారం పుట్టిస్తుంది. ఇంకోపక్క కాలేయం ఈ మంటకు సంబంధించిన ప్రొటీన్లు తయారు చేయడంలో పడిపోయి, ముడిసరుకు కోసం కండలనే కరిగించుకుంటుంది. పొయ్యి ఆరిపోకూడదని ఇంటి దూలాలు పీకి మంటలో పెట్టినట్టు. అందుకే కాళ్ళు, భుజాలు, కణతలు ముందు పీక్కుపోతాయి.

కాబట్టి ఆయన తినకపోవడం వల్ల మాత్రమే బరువు తగ్గలేదు. జబ్బు వల్ల కండ కరిగింది, అదే జబ్బు వల్ల ఆకలి కూడా పోయింది. ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం కంటే ఎక్కువ తగ్గితే దీన్ని క్యాకెక్సియాగా లెక్కించాలని 2011లోనే అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనానికి వచ్చారు. మీ నాయనకు నాలుగు నెలల్లో 16 శాతం తగ్గింది. "బాగా తినిపించండి" అని పంపించేసే సంగతి కాదిది. కండ తగ్గేకొద్దీ కీమోను తట్టుకునే శక్తి తగ్గుతుంది, డోసు తగ్గించాల్సి రావచ్చు, వాయిదా వేయాల్సి రావచ్చు. వారానికి ఒకసారి, ఒకే మిషను మీద, పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసి గోడ క్యాలెండర్ మీద రాయండి. ఓపీకి వెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టండి. "చిక్కిపోతున్నాడు" అంటే తల ఊపి వదిలేసేవాళ్ళు కూడా అంకెలు చూస్తే ఆగుతారు.

గట్టిగా తినిపిస్తే కండ పడుతుందా అన్నారు. తిండి ఒక్కదానితో పూర్తిగా వెనక్కి రాదు, ఇది నిజం. కానీ తిండి లేకపోతే ఇంకా వేగంగా కరిగిపోతుంది, ఇదీ నిజమే. 68 కోసం చూడకండి. 57 దగ్గర నిలబడితే చాలు, దాన్ని గెలుపు కింద లెక్కేసుకోండి. కీమో పనిచేసి గడ్డ తగ్గితే ఆ మంట కూడా తగ్గుతుంది, అప్పుడు పెట్టిన తిండి ఒంటికి పడుతుంది.

ఇక అసలు చేయాల్సిన పని, తినడానికి అడ్డుపడుతున్నవాటిని ఒక్కొక్కటిగా వెతకడం. చాలా ఇళ్ళలో ఇదే జరగదు. రేపు పగటి వెలుతురులో ఆయన్ని నోరు తెరవమని చూడండి, నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు అంటించినట్టు తెల్లపూత ఉంటే అది ఫంగస్, దానికి మందుంది, కొద్దిరోజుల్లో తగ్గుతుంది. మోషన్ అయి ఎన్ని రోజులైందో అడగండి, కూతురితో చెప్పడానికి సిగ్గుపడతారు కాబట్టి అమ్మ చేత అడిగించండి. నొప్పికి మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి వాడుతుంటే చాలామందికి మలబద్ధకం వస్తుంది, కడుపు బిగుసుకుపోయిన మనిషికి ఆకలెలా వేస్తుంది? నొప్పి ఉంటే బిళ్ళ తిండికి అరగంట ముందు పడేలా చూసుకోండి. రెండు ముద్దలకే కడుపు నిండిపోయినట్టు ఉంటే, తిన్నది కిందికి కదలడానికి మందులున్నాయి. ఒకటి మాత్రం ముఖ్యం. వాంతిలో నిన్న తిన్న మెతుకులు కనిపిస్తే కడుపు కింది దారి మూసుకుపోతోందని అర్థం, ఆ రోజే ఫోన్ చేయండి. దారి తెరవడానికి స్టెంట్ వేసే వీలుంటుంది. అది తెలియక "అరగడం లేదు" అని వారాల తరబడి వాము నీళ్ళు తాగించిన వాళ్ళున్నారు. దిగులును కూడా మర్చిపోవద్దు. ఊరు, పొలం, రచ్చబండ వదిలేసి నాలుగో అంతస్తు ఫ్లాటులో కూర్చున్న మనిషి.

తిండి దగ్గరికి వద్దాం. కాళ్ళ సూపు మీద మన సీమవాళ్ళకున్న నమ్మకం నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే. కానీ అందులో ఎక్కువ భాగం నీళ్ళు, జిగురు. ఆ జిగురులోని ప్రొటీను కండ కట్టడానికి పెద్దగా పనికిరాదు, కడుపు మాత్రం నిండిపోతుంది. పల్చటి గంజి కూడా అంతే. ఉన్న ఆకలి రెండు ముద్దలదే అయినప్పుడు ఆ రెండు ముద్దల్లోనే సరుకు ఉండాలి. ఈ జబ్బులో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీను కావాలంటారు, అంటే మీ నాయనకు సుమారు 70 నుంచి 85 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 8, వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా, గుప్పెడు చెనిక్కాయ పప్పుల్లో 7. అదే రాగి గంజిని నీళ్ళతో కాకుండా చిక్కటి పాలతో కాయండి, రెండు చెంచాల పాలపొడి, ఒక చెంచా చెనిక్కాయల పొడి, కాస్త నెయ్యి కలపండి. గిన్నె అదే, బలం మూడింతలు. సంకటిలోకి చారు కాకుండా గట్టి పప్పు, గుడ్డు పులుసు. మూడు పూటల భోజనం మర్చిపోయి రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో ఇంత. పెద్ద కంచం చూస్తేనే ఆయనకు భయం వేస్తుంది. నీళ్ళు తిండితోపాటు కాకుండా మధ్యలో ఇవ్వండి. పొద్దున కాస్త ఆకలి ఉంటుంది చాలామందికి, గట్టి తిండి అప్పుడే పెట్టేయండి. షుగరో, కిడ్నీ సమస్యో ఉంటే మాత్రం ఈ లెక్క డైటీషియన్‌ను అడిగి మార్చుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. మన ఫ్లాట్లలో వంటగదికి, హాలుకి మధ్య గోడ ఉంటే గొప్ప. తాలింపు వాసనకే కీమో మనిషికి కడుపులో తిప్పుతుంది. తాలింపు పెట్టేటప్పుడు ఆయన్ని అమ్మతో పాటు కింద నాలుగు అడుగులు వేసి రమ్మనండి. ఆ నడక కూడా మందే, మంచం మీద ఉన్న కండ ఇంకా వేగంగా కరుగుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోగలిగితే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చేయించండి. నోరు ఇనుములా ఉంది అంటే స్టీలు చెంచా మార్చి ప్లాస్టిక్‌ది ఇవ్వండి, వేడివి కాకుండా చల్లారినవి పెట్టండి, వాసన తక్కువ వస్తుంది.

మందులున్నాయా అంటే ఉన్నాయి. ఇందులో మన పక్కనే జరిగిన పని ఒకటి గర్వంగా చెప్పుకోవాలి. పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రిలో కడుపు, కాలేయం, పాంక్రియాస్, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరి కీమో తీసుకుంటున్న 124 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఓలాంజపిన్ 2.5 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకొకటి, ఇంకో గుంపుకు ఉత్తుత్తి బిళ్ళ 12 వారాలు ఇచ్చారు. అసలు బిళ్ళ వాడినవాళ్ళలో 60 శాతం మందికి బరువు 5 శాతానికి పైగా పెరిగింది, ఉత్తుత్తి బిళ్ళ వాళ్ళలో 9 శాతం మందికి. 2023లో ఇది అచ్చయింది, అదే ఏడాది అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం తన సూచనల్లో ఈ మందును చేర్చింది. మీ నాయన జబ్బూ ఆ జాబితాలోనే ఉంది, కాబట్టి డాక్టరుని పేరు పెట్టి అడగండి. ఒక జాగ్రత్త. ఇది మామూలుగా మానసిక రోగాలకు వాడే మందు. చీటీ మీద ఆ పేరు చూసి మెడికల్ షాపులో ఎవరో "ఇది పిచ్చికి కదా" అంటే ఇంటికెళ్ళి పారేసిన కుటుంబాలను నేను చూశాను. పారేయకండి. మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రి వేస్తారు, షుగర్ మీద ఒక కన్నేసి ఉంచాలి.

డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఆకలి తెప్పిస్తుంది, అయితే కొన్ని వారాలకే. ఎక్కువకాలం వాడితే అదే కండను తినేస్తుంది. మెజెస్ట్రాల్ బరువు పెంచుతుంది, ఆ పెరిగింది ఎక్కువగా కొవ్వు, నీరు; కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. రెండూ డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. జపాన్‌లో ఈ చిక్కిపోవడానికే అనమోరెలిన్ అనే మందుకు అనుమతి ఇచ్చారు. పైన చెప్పిన జీడీఎఫ్-15ను పట్టి ఆపే ఇంజెక్షన్ మీద 187 మందితో చేసిన పరీక్ష 2024లో వచ్చింది, 12 వారాల్లో పెద్ద డోసు తీసుకున్నవాళ్ళకు ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకంటే దాదాపు 2.8 కిలోలు ఎక్కువ బరువు పెరిగింది. ఆశ పెట్టుకోదగ్గదే, కానీ రేపు షాపుకెళ్ళి కొనుక్కునేది కాదు.

చివరగా ఆ అరుపుల సంగతి. వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు, ఆయన భార్య పూటపూటకూ బతిమాలి ఇడ్లీ తినిపించేది. ఆమె నీళ్ళ కోసం వెళ్ళినప్పుడు ఆయన నోట్లోది తీసి తువ్వాలు మడతలో దాచేవారు. ఒకరోజు నర్సు దుప్పటి మారుస్తుంటే ఎండిపోయిన ముక్కలు రాలాయి. "ఆమె సంతోషం కోసం తిన్నట్టు చేస్తున్నానమ్మా, మింగలేను" అన్నారాయన. అరిచినప్పుడు ఆకలి పెరగదు, దాచుకోవడం పెరుగుతుంది. గిన్నె పక్కన పెట్టి మీరూ పక్కన కూర్చుని మీ అన్నం మీరు తినండి. తింటే తింటారు, లేకపోతే రెండు గంటల్లో ఇంకో గిన్నె ఉందిగా.

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. చక్కెర క్యాన్సర్‌కి మేత అని వాట్సాప్‌లో చూసి చక్కెర, బెల్లం, అన్నం, అరటిపండు అన్నీ మానిపించాం. నెలలో నాలుగు కిలోలు తగ్గారు. మంచిదేనా? (పాఠకుడు, యలహంక)

జవాబు: మంచిది కాదు, ఈ రోజే ఆపేయండి. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజమే, జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బుర్గ్ 1920లలోనే చూపించాడు. కానీ నోటి నుంచి చక్కెర ఆపితే గడ్డ పస్తు ఉండదు. రక్తంలో గ్లూకోజు తగ్గనివ్వకుండా కాలేయం చూసుకుంటుంది, దానికి కావలసింది కండను కరిగించి తెచ్చుకుంటుంది. అంటే మీరు అన్నం ఆపి గడ్డను కాదు, అత్తగారి కాళ్ళలో బలాన్ని ఆపారు. డయాబెటిస్ ఉంటే దాని పథ్యం దానికి ఉంటుంది, అది వేరే లెక్క. లేకపోతే అన్నం, అరటిపండు, నెయ్యి వేసిన పప్పు, అన్నీ పెట్టండి.

ప్రశ్న: మా ఆయనకు 45 ఏళ్ళు, బుగ్గ క్యాన్సర్. రేడియేషన్ సగం అయింది, నోరంతా పుండ్లు, నీళ్ళు కూడా మింగలేకపోతున్నారు. ముక్కులోంచి గొట్టం వేస్తామంటే "గొట్టం పడిందంటే ఇక అయిపోయినట్టే" అని ఒప్పుకోవడం లేదు. (పాఠకురాలు, హోసూరు)

జవాబు: ఆయనకు ఇది చదివి వినిపించండి. అన్నా, మీ విషయంలో అయిపోయేది గొట్టం వేయకపోతేనే. నోరు, గొంతు క్యాన్సర్లలో తగ్గే బరువులో పెద్ద భాగం అచ్చమైన పస్తు, పైన చెప్పిన మొదటి రకం. దారి దొరికితే ఒళ్ళు పుంజుకుంటుంది. ఇంకోటి, రేడియేషన్ టేబుల్ మీద మీ ముఖానికి బిగించే వలలాంటి మాస్కు ఉంది కదా, అది మీ ముఖం కొలతకే చేశారు. ముఖం పీక్కుపోతే అది లూజవుతుంది, మళ్ళీ కొలతలు, మళ్ళీ ప్లానింగు. మధ్యలో రోజులు పోతే వైద్యం ఫలితమే దెబ్బతింటుంది. పుండ్లు మాని మింగడం వచ్చాక గొట్టం తీసేస్తారు, ఆసుపత్రుల్లో రైల్స్ ట్యూబ్ అనేది ఇదే. నెల దాటి అవసరమైతే కడుపు మీద నుంచి చిన్న గొట్టం వేయించుకోవచ్చు, చొక్కా వేసుకుంటే కనపడదు.

ఇంట్లో గొట్టంలోకి తిండి పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా, దాదాపు కూర్చున్నట్టు ఉంచి పోయండి. పోశాక గంటసేపు పడుకోబెట్టకండి. మిక్సీలో ఎంత మెత్తగా తిప్పినా టీ వడగట్టే జల్లెడలో వడకట్టాల్సిందే, ఒక్క పప్పు పొట్టు చాలు గొట్టం పూడిపోవడానికి. ముందూ వెనకా సిరంజితో 30 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టించి కడగండి. ముక్కు దగ్గర గొట్టం ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, ఆ గుర్తు జరిగిందని అనుమానం వస్తే ఏమీ పోయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. దగ్గు, ఆయాసం వచ్చినా అంతే.

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్ళు. పాంక్రియాస్ క్యాన్సర్ కాలేయానికి పాకింది, కీమో ఆపేశారు. 36 కిలోలు ఉంది, రోజంతా నిద్రలోనే ఉంటోంది, రెండు చెంచాలు కూడా వద్దంటోంది. కుప్పం నుంచి వచ్చిన చుట్టాలు "ఆకలితో చంపుతున్నారు" అంటున్నారు. తమ్ముడు ఇంట్లోనే సెలైన్ పెట్టిద్దాం అంటున్నాడు. నిన్న అమ్మ ఆవకాయ వాసన వస్తోంది, ఎవరు తింటున్నారు అని అడిగింది. ఏం చేయమంటారు? (పాఠకురాలు, కె.ఆర్. పురం)

జవాబు: అమ్మ ఆకలితో పోవడం లేదు తల్లీ. జబ్బు చివరికి వచ్చినప్పుడు శరీరం తిండిని తీసుకోవడం తనంతట తానే ఆపేస్తుంది, ఈ దశలో చాలామందికి ఆకలి తెలియనే తెలియదు. మింగే శక్తి తగ్గిన మనిషి నోట్లో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు, జ్వరం, ఆయాసం. సెలైన్ పెడితే ఒంట్లో నిలవకుండా కాళ్ళలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, గొంతులో గురగుర ఎక్కువవుతుంది. తమ్ముడి మీద కోపం తెచ్చుకోవద్దు, ఏదో ఒకటి చేయాలన్న తపన అతనిది. అతనికి పని అప్పగించండి. గంటకోసారి శుభ్రమైన గుడ్డను నీళ్ళలో తడిపి నాలుక, చిగుళ్ళు తుడవమనండి, పెదాలకు వెన్న రాయమనండి. దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండడం వల్లే. బరువు చూసే మిషను లోపల పెట్టేయండి.

చుట్టాలకు మీరు జవాబు చెప్పుకోనక్కర్లేదు, డాక్టరు చేత ఫోన్‌లో చెప్పించండి. మీకు దగ్గరలోనే కుందలహళ్ళి వైపు కరుణాశ్రయ ఉంది, చికిత్సలు ఆగిపోయిన క్యాన్సర్ రోగులను డబ్బు తీసుకోకుండా చూసుకుంటారు, ఇంటికి వచ్చి చూసే నర్సుల బృందాలు కూడా ఉన్నాయి. హోసూరు రోడ్డులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ నొప్పి తగ్గించే విభాగం ఉంది. అమ్మకు నొప్పి ఉంటే రాత్రిదాకా ఆగకుండా వాళ్ళను పిలవండి.

ఆవకాయ ఎవరు తింటున్నారని అడిగింది కదా. నోట్లో పుండ్లు లేకపోతే ఊటలో వేలి కొస ముంచి ఆమె నాలుక మీద ఇంత రాయండి. మింగక్కర్లేదు, చప్పరించి ఊసేయమనండి. ఇంకాస్త కావాలంటే ఇంకాస్త.